రెండో ఆదివారం భోజనం

నా కూతురికి పదో ఏడు నడుస్తున్నప్పుడు శ్రీకాకుళం కోర్టులో నాకూ నా భార్యకూ విడాకులు మంజూరయ్యాయి. పాప తల్లి దగ్గరే ఉండాలన్నారు. నెలకొకసారి, రెండో ఆదివారం, మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి దాకా నేను చూడొచ్చన్నారు. ఎక్కడ చూడాలన్న మాట వచ్చినప్పుడు, నలుగురూ తిరిగే చోటయితే బాగుంటుందని అవతలి వకీలు అన్నాడు. మా వకీలు సరేనన్నాడు. నేను ఏమీ అనలేదు.

ఏమీ అనకపోవడమే నా సంసారాన్ని తినేసింది. నేను తాగేవాణ్ణి కాదు, చెయ్యి చేసుకునేవాణ్ణి కాదు. కోపం వస్తే మాట్లాడేవాణ్ణి కాదు, అంతే. ఒక్కోసారి పది, పన్నెండు రోజులు. ఆమె శ్రీకాకుళంలో నర్సు. నాది రాజాంలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ వర్క్‌షాపులో ఉద్యోగం. ఇనపముక్కని ఆకురాయితో రుద్ది కొలతకి తేవడం పిల్లలకి నేర్పిస్తాను. వారానికి రెండు రోజులు ఇంటికి వెళ్ళేవాణ్ణి. ఆ రెండు రోజులూ నోరు విప్పకపోతే ఇక ఆ ఇంట్లో నేను ఉన్నట్టా, లేనట్టా? "గోడతో కాపరం సేస్తన్నట్టున్నాది నాకు" అని ఆమె ఒకసారి వంటింటి గుమ్మంలో నిలబడి అంది. దానికీ నేను జవాబు చెప్పలేదు.

బఫే సంగతి చెప్పింది మా వకీలే. కోర్టు వరండాలో కాగితాలు సంచిలో సర్దుకుంటూ, "పార్కులో అయితే ఎండ. సినిమాకెళ్తే మాటుండదు. బట్టల షాపు మేడ మీద బఫే ఓటలుంది సూడు, అక్కడికి తీసుకెళ్ళు. ఆర్డరిచ్చి కూకుంటే అరగంటలో అయిపోతాది. బఫే అనుకో, మూడింటి దాకా ఎవడూ నిన్ను లెగమనడు" అన్నాడు.

ఆ మాట మా అక్కకి చెబితే ముక్కున వేలేసుకుంది. "పళ్ళెం పట్టుకుని మనంతట మనం వడ్డించుకోడానికి అంత దూరం ఎల్లాలేటిరా? ఆ పిల్లని ఒళ్ళో కూకోబెట్టుకుని నాలుగు ముద్దలు పెట్టుకునే రాత నేదు నీకు" అంది. అక్కకి మనసులో ఒకటి పెట్టుకుని పైకి ఒకటి అనడం రాదు.

మొదటి నెల రెండో ఆదివారం పన్నెండు కాకుండానే వెళ్ళి ఆ ఓటలు మెట్ల కింద నిలబడ్డాను. రాజాంలో చర్చి మానేసి బస్సెక్కాను. మాది చర్చి కుటుంబం, వాళ్ళదీ అంతే. పన్నెండున్నర దాటాక పాప మేనమామ మోటారు సైకిలు మీద పాపని తీసుకొచ్చాడు. పెళ్ళయిన దగ్గర్నుంచీ నన్ను నోరారా "బావా" అని పిలిచిన మనిషి. బండి దిగకుండా, నా భుజం మీదుగా ఎటో చూస్తూ, "మూడింటికొస్తానండి" అన్నాడు. పాప చర్చి గౌనులో ఉంది. జడలకి తెల్ల రిబ్బన్లు. నన్ను చూసి నవ్వాలో వద్దో తెలియనట్టు మామయ్య వంక చూసింది. అతను తలాడించాక నవ్వింది.

మేడ మీద తలుపు దగ్గర నల్లకోటు వేసుకున్న ఒకాయన పుస్తకం పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆ హాలుకి ఆయనే పెద్ద. ఇచ్ఛాపురం వైపు మనిషి, మాటలో ఒరియా యాస తగిలేది.

"పాపకెన్నేళ్ళు సార్?" అని అడిగాడు.

"తొమ్మిది" అన్నాను.

"పది. పోయిన నెల నిండీసాయి" అంది పాప.

పుట్టినరోజు నాకు గుర్తులేక కాదు. ఆ రోజు ఫోను చేతిలోకి తీసుకుని, ఎవరు ఎత్తుతారో, ఎత్తితే ఏమనాలో తేలక పెట్టేశాను. అయినా నోట్లో తొమ్మిదే ఉండిపోయింది. నల్లకోటాయన పుస్తకంలో ఏదో రాసుకుని, ఇద్దరికి సరిపోయే బల్ల కాకుండా, నలుగురు కూర్చునే బల్ల చూపించాడు. ఆ హాల్లో ఇద్దరికని బల్లలే లేవు. ఎదురెదురుగా కూర్చున్నాం. మా పక్కన చెరో ఖాళీ కుర్చీ.

గోడ పొడుగునా వేడి గిన్నెలు, వాటి కింద చిన్న నీలం మంటలు. మూత ఎత్తితే ఆవిరి మొహాన కొట్టేది. ప్రతి గిన్నె ముందూ ఇంగ్లీషులో పేరు రాసిన అట్టముక్క. పాప ఒక్కొక్కటీ కూడబలుక్కుని చదివి, "ఎంతయినా ఏసుకోవచ్చా?" అని అడిగింది.

"ఎంతయినా."

"అన్నీనా?"

"అన్నీ."

పిల్ల నిజంగానే అన్నీ వేసుకుంది. నూడుల్సు, పూరీ, బిర్యానీ, రొయ్యల వేపుడు, రెండు గులాబ్‌జాములు, అన్నీ ఒకే పళ్ళెంలో. బల్ల దగ్గరకొచ్చేసరికి జాముల పాకం బిర్యానీలోకి దిగిపోయింది. నాలుగు ముద్దలు తిని ఆగిపోయింది. ఆ గోడ మీదే, ఆహారం పారేయవద్దని ఒక బోర్డు ఉంది. అదీ చదివింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇంట్లో అయితే ఎవరో ఒకరు కసురుతారు, లేకపోతే పోనీలే అంటారు. ఇక్కడ కొత్త చోటు, ఎదురుగా నేను. నేను ఏమంటానో దానికి తెలియదు.

పళ్ళెం నా వైపు లాక్కుని తినడం మొదలుపెట్టాను. పాకం అంటిన బిర్యానీ, చల్లారిన నూడుల్సు, అది కొరికి వదిలేసిన పూరీ. అది చిన్నపిల్లగా ఉన్నప్పుడు దాని కంచంలో మిగిలింది తల్లే తినేది. నాకు ఆ అలవాటు లేదు. ఆ రోజు మాత్రం ఒక్క మెతుకు మిగల్చలేదు. పాప నన్నే చూస్తూ కూర్చుంది.

"ఆకలేస్తందా నాన్నా?" అని అడిగింది.

"అవునమ్మా."

"రాజాంలో నీకు అన్నం ఎవరొండుతారు?"

"నేనే."

ఆ తర్వాత మూడింటి దాకా మేం మాట్లాడుకున్నది పెద్దగా ఏమీ లేదు. చదువు ఎలా ఉంది అంటే బాగుంది అంది. ఐస్‌క్రీం రెండుసార్లు తెచ్చుకుంది. మూడింటికి కిందికి దిగితే మేనమామ బండి మీదే ఉన్నాడు. పాప వెనక ఎక్కి కూర్చుని చెయ్యి ఊపింది. బండి సందు తిరిగాక నేను బస్సుల కాంప్లెక్స్‌కి నడిచాను. బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే కడుపు పట్టనంత నిండుగా ఉంది. ఆ నిండు కడుపుతోనే గదికి వచ్చి, దీపం కూడా వెయ్యకుండా పడుకున్నాను. రాత్రికి ఇంకేం వండుకోనక్కర్లేదు. ఆ రోజుల్లో రెండో ఆదివారం నాడు నేను పొయ్యి వెలిగించేవాణ్ణి కాదు.

రెండో నెలో మూడో నెలో గుర్తులేదు, పాపకి ఒక సందేహం వచ్చింది. మా ఇళ్ళల్లో పళ్ళెం ముందు పెట్టుకుని కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుని అన్నం ముడతాం. ఇక్కడ ముందు సూపు తెస్తారు, తర్వాత మనం లేచి వేపుళ్ళు తెచ్చుకుంటాం, మళ్ళీ లేచి అన్నం, మళ్ళీ లేచి తీపి.

"ఎన్నిసార్లు ప్రార్థన సెయ్యాలి నాన్నా? లెగిసినప్పుడల్లానా?"

నేను ఆలోచించాను. పాస్టరుగారిని అడగాల్సిన ప్రశ్న. "ఒకసారి చాలమ్మా. మొత్తానికి కలిపి" అన్నాను.

"మరి ఏం ఒస్తాదో తెలీకుండా ముందే ఎలగ థాంక్స్ సెప్తాం?"

నాకు నవ్వొచ్చింది. అదీ నవ్వింది. విడాకుల తర్వాత మేమిద్దరం కలిసి నవ్వడం అదే మొదటిసారి. ఆ రోజు నుంచీ సూపు రాగానే ఇద్దరం కళ్ళు మూసుకునేవాళ్ళం. పక్క బల్లల వాళ్ళు చూసేవారు. నేను కొంచెం ముందుగా కళ్ళు తెరిచి దాని మొహం చూసుకునేవాణ్ణి. అంత దగ్గరగా, అది ఎరగకుండా, నేను దాన్ని చూడగలిగేది ఆ కాసేపే.

అయినా మాటలు కరువే. నాకు అడగడం చేతకాదు. అందుకని మాట ఆగినప్పుడల్లా లేచేవాణ్ణి. "పకోడీ వేడిగా దించుతున్నారు, తెస్తానుండు." "దోసె వేయించుకొస్తాను." ఒక పూట పది పన్నెండుసార్లు లేచి ఉంటాను. బఫే మేలు అదేనని అప్పట్లో అనుకునేవాణ్ణి. ఏమీ తోచనప్పుడు లేచి వెళ్ళడానికి ఒక వంక దొరుకుతుంది. పాప కూడా లేచేది. ఒక్కోసారి అది ఒక గిన్నె దగ్గరా నేను మరో గిన్నె దగ్గరా, బల్ల దగ్గర ఎవరూ లేకుండా రెండు గ్లాసులే ఉండేవి. వచ్చేసరికి కుర్రాళ్ళు సగం తిన్న పళ్ళాలు తీసేసేవారు.

ఆదివారాలు ఆ ఓటల్లో పుట్టినరోజులు జరిగేవి. పది పదిహేనుమంది బల్లలు కలిపేసుకుని కూర్చునేవారు. ఉన్నట్టుండి లైట్లు తగ్గించి, వడ్డించే వాళ్ళంతా చప్పట్లు కొడుతూ చిన్న కేకు తెచ్చేవారు. పాప మెడ తిప్పి చూసేది. దాని పుట్టినరోజు ఎప్పుడూ నాకు దొరికే ఆదివారం పడలేదు. దానికి పన్నెండో ఏడు వచ్చినప్పుడు నాకొక బుద్ధి పుట్టింది. పుట్టినరోజు వెళ్ళి మూడు వారాలయింది. అది చేతులు కడుక్కోవడానికి వెళ్ళినప్పుడు నల్లకోటాయన దగ్గరికి వెళ్ళి, "ఈ రోజు మా పాప పుట్టినరోజండి" అని చెప్పాను. నిజం చెప్పి అడిగినా ఆయన కాదనేవాడు కాదేమో. నాకు ఆ నిజం చెప్పడం ఇష్టం లేకపోయింది.

లైట్లు తగ్గాయి. కేకు మా బల్ల వైపు వస్తుంటే పాప వెనక్కి తిరిగి ఎవరికోసమా అని చూసింది. కేకు మా ముందు పెట్టారు. హాలంతా చప్పట్లు కొట్టింది. పాప మొహం ఎర్రబడిపోయింది. నా వైపు వంగి, "ఈ రోజు కాదు గదా నాన్నా" అంది, ఎవరికీ వినబడకుండా.

నేను తల దించుకున్నాను. వడ్డించే వాళ్ళు పాట ఎత్తుకున్నారు. పాప ఒక్క క్షణం నన్ను చూసి, కొవ్వొత్తి ఊదేసింది. నవ్వుతూ అందరికీ థాంక్స్ చెప్పింది. కేకు కోసి మొదటి ముక్క నా నోట్లో పెట్టింది. పక్క బల్లలో ముసలావిడ లేచొచ్చి, "నిండు నూరేళ్ళూ సల్లగుండమ్మా" అని దీవించింది. దానికీ తలొంచింది. అంతా అయ్యాక, ఇద్దరమే మిగిలాక, "ఇంటి దగ్గర సెప్పనులే నాన్నా" అంది.

నేను చేసిన తప్పుని ఆ పిల్ల మోసింది. ఆ రాత్రి గదిలో చాలాసేపు కూర్చున్నాను. తల్లి ఇంట్లో అసలు పుట్టినరోజు నాడు ఏం జరిగిందో, ఎవరు ఏం వండారో, అది ఏ రంగు గౌను వేసుకుందో నాకు తెలియదు. తెలుసుకోడానికి నోరు తెరిచి అడిగితే సరిపోయేది. అడగడం రాక కేకు తెప్పించాను.

తర్వాత కరోనా వచ్చింది. ఓటళ్ళు మూసేశారు, బస్సులు ఆగిపోయాయి. పాప తల్లికి ఆసుపత్రిలో డ్యూటీలు. వాళ్ళింట్లో ఎవరికేమవుతుందో అని నాకు భయం. పాప ఫోను చేసేది గాని, ఫోన్లో నేను ఇంకా అన్యాయం. "తిన్నావా?" "తిన్నాను." "నువ్వు?" "తిన్నాను." అంతటితో అయిపోయేది. కాలేజీ లేదు. వర్క్‌షాపు తాళం నా దగ్గరే ఉండేది. అప్పుడప్పుడు వెళ్ళి తుప్పు పట్టకుండా మిషన్లకి నూనె రాసి వచ్చేవాణ్ణి. ఆ రోజుల్లో మనిషితో నేను మాట్లాడిన మాటలు కిరాణా షాపు దగ్గర అడిగిన సరుకుల పేర్లే.

బఫే మళ్ళీ తెరిచినప్పుడు, చాలా నెలల తర్వాత, మెట్ల కింద నిలబడ్డాను. తలుపు దగ్గర పల్చటి ప్లాస్టిక్ గ్లౌజులు ఇస్తున్నారు, అవి వేసుకుంటేనే గరిటె ముట్టనిస్తారు. పన్నెండున్నర అయింది. ఒకమ్మాయి, పొడుగ్గా, సల్వారు వేసుకుని, మొహానికి మాస్కు పెట్టుకుని నా ముందుకొచ్చి నిలబడింది. దారికి అడ్డంగా ఉన్నాననుకుని పక్కకి జరిగాను. ఆమె తల మీదుగా రోడ్డు వైపు చూస్తున్నాను, మేనమామ బండి కోసం.

"నాన్నా" అంది ఆ అమ్మాయి.

ఏమనాలి? "మాస్కు..." అన్నాను. అది మాస్కు కిందకి లాగి మొహం చూపించింది. నవ్వలేదు. "నడిసొచ్చాను. మామయ్య బస్టాండు దగ్గర దింపీసాడు" అంది. ఆ పూట గ్లౌజులతో ఇద్దరం అన్నం వేసుకున్నాం. నేను దాన్ని గుర్తుపట్టలేదన్న మాట అది మళ్ళీ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఇప్పటికీ ఎత్తలేదు.

ఆ మరుసటి ఏడు మేనమామకి ఉద్యోగం రాయగడలో వచ్చింది. తీసుకొచ్చే మనిషి లేక, ఒక ఆదివారం పాప తల్లే వచ్చింది. కింద ఎండ మండిపోతోంది. ఆమె పాపని దింపి వెళ్ళిపోతుందనుకున్నాను. మెట్ల దగ్గర కాసేపు నిలబడి, "నైట్ డ్యూటీ సేసి ఒచ్చాను. తిరిగెళ్ళి మళ్ళీ రాలేను" అని పాపతో చెప్పింది. నాతో కాదు. ముగ్గురం పైకి వెళ్ళాం. నల్లకోటాయన మొహం విప్పార్చుకుని, "ఈ రోజు మేడమ్ కూడా వచ్చారా!" అని మా నలుగురి బల్ల వైపు చెయ్యి చూపించాడు.

"నాకు యేరే బల్ల ఇయ్యండి" అంది ఆమె.

ఆయన పుస్తకంలోకి చూసుకున్నాడు. మా బల్లకి రెండు బల్లల అవతల, కిటికీ పక్కన ఆమెని కూర్చోబెట్టాడు. నేనూ పాపా ఇక్కడ, ఆమె అక్కడ. సూపు వచ్చింది. ముగ్గురం, ఎవరి బల్ల దగ్గర వాళ్ళం, కళ్ళు మూసుకున్నాం. నేను ముందుగా కళ్ళు తెరిచాను. ఆమె ఇంకా మూసుకునే ఉంది. కళ్ళ కింద నల్లటి చారలు. జుట్టులో తెలుపు. నిద్ర లేని మనిషి అలా కళ్ళు మూసుకుని అక్కడే నిద్రపోతుందేమో అనిపించింది.

కాసేపటికి అన్నం కోసం లేచాను. పప్పు గిన్నె దగ్గర ఆమె ఎదురైంది. గరిటె ఒకటే. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఏసుకోండి" అంది.

పన్నెండేళ్ళ కాపరంలో ఆమె నన్ను ఎప్పుడూ 'అండి' అనలేదు.  ఏదో ఒకటి అనాలి. "పప్పు సప్పగుంటాది ఇక్కడ. సాంబారు బాగుంటాది" అన్నాను.

ఆమె నా మొహంలోకి చూసింది. ఎన్నేళ్ళకి చూసిందో. "ఇన్నాళ్ళకి నోరిప్పి ఒక మాట సెప్పినావు. అదీ పప్పు గురించి" అంది. కోపంగా అనలేదు. నవ్వుతూనూ అనలేదు. అలసిపోయిన మనిషి ఉన్నమాట అన్నట్టు అంది. సాంబారు వేసుకుని, పెరుగు వేసుకుని వెళ్ళి కిటికీ పక్కన ఒక్కత్తే కూర్చుని తింది.

నేను మా బల్ల దగ్గరికి వచ్చాను. పాప అంతా చూస్తూనే ఉంది. "అమ్మతో ఏటన్నావు?" అని అడిగింది. "సాంబారు బాగుంటాదన్నాను" అన్నాను. అది తల వంచుకుని పళ్ళెంలో అన్నం అటూ ఇటూ కలుపుతూ ఉండిపోయింది. ఆ రోజు హాల్లో మేం ముగ్గురం ఒకే వంట తిన్నాం. తింటున్నంతసేపూ తల్లి ఒక్కసారి కూడా మా వైపు తిరగలేదు. వెళ్ళేటప్పుడు మాత్రం మెట్ల మీద ఆగి, "బీపీ సూపించుకుంటన్నావా?" అని అడిగింది. మా నాన్నకి ఉండేది, అందుకని. చూపించుకుంటున్నానన్నాను. అబద్ధం. ఆ వారమే వెళ్ళి చూపించుకున్నాను. మందులు వాడుతున్నాను ఇప్పటికీ.

పాప పదో తరగతిలోకి వచ్చింది. రెండో ఆదివారం వచ్చేది గాని, పళ్ళెంలో పెద్దగా ఏమీ వేసుకునేది కాదు. వేసుకున్నదీ సగం వదిలేసేది. నేను అలవాటుగా ఆ పళ్ళెం లాక్కుని తినేసేవాణ్ణి. ఒక రోజు నేను అలా లాక్కుంటుంటే పళ్ళెం అంచు పట్టుకుని ఆపింది.

"ఒక మాట సెప్తాను, ఏటనుకోకు నాన్నా. నాకు ఇక్కడ తిండి అస్సలు ఇష్టం లేదు."

"ఎప్పట్నుంచి?"

"ఎప్పుడూ లేదు. అన్నీ ఒకటే వాసనొస్తాయి."

"మరి ఇన్నేళ్ళూ..."

"నీకిష్టమనుకున్నాను. మొదట్రోజు నా ఎంగిలంతా తినీసావు గదా. రాజాంలో నీకు తిండి లేదు కాబోలు, నెలకోపాలి ఇక్కడ కడుపునిండా తింతన్నావు కాబోలు అనుకున్నాను. అందుకే నాకొద్దన్నవి కూడా ఏసుకుని ఒదిలీసేదాన్ని, నువ్వు తింతావని."

 నాకూ ఆ తిండి ఇష్టం లేదు. ఇంటికెళ్ళాక గుండెల్లో మంట వచ్చేది. అది తినలేక వదిలేస్తోంది, ఎవరైనా ఏమైనా అంటారేమో అని నేను తినేవాణ్ణి. ఆరేళ్ళు ఇద్దరం ఒకరి కోసం ఒకరు ఇష్టం లేని అన్నం తిన్నాం. ఆ మాట దానికి చెప్పాను. అది నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. కళ్ళు తుడుచుకుంది.

"పోనీ ఇంకో చోటుకెళ్దాం" అన్నాను.

"ఇప్పుడొద్దు. ఆదివారం కూడా క్లాసులెట్టారు. పరీక్షలయ్యేదాకా రాను."

"సరే" అన్నాను. నా నోటికి అలవాటైన మాట అది. మూడు కాకముందే లేచాం. అప్పటికి సొంతంగా ఆటో ఎక్కి వెళ్ళే వయసు వచ్చింది దానికి. మెట్లు దిగుతుంటే, ఇప్పుడు కూడా ఊరుకుంటే నేను మనిషినే కాదనిపించింది. ఆఖరి మెట్టు మీద ఆగాను. "నువ్వు రాకపోతే నాకు బాగోదమ్మా" అన్నాను.

అది వెనక్కి తిరిగి చూసింది. "తెలుసు నాన్నా" అని ఆటో ఎక్కింది.

మరుసటి నెల రెండో ఆదివారం నేను చర్చికి వెళ్ళి, వచ్చి, వంట చేసుకోవాలి. చర్చి దాకా వెళ్ళాను కూడా. కాళ్ళు బస్టాండుకి తీసుకెళ్ళాయి. శ్రీకాకుళంలో దిగి ఆ మెట్లు ఎక్కాను. నల్లకోటాయన, "పాప వెనకాల వస్తోందా సార్?" అన్నాడు. అవునని తలాడించాను. ఆయన మా బల్ల మీద రెండు పళ్ళాలు, రెండు సూపు గిన్నెలు పెట్టించాడు. సూపు ఇద్దరికీ పోశారు.

ఇన్నేళ్ళలో ఆ హాలుని నేను చూడనే లేదు. ఆ రోజు చూశాను. ఒక బల్లలో అన్నదమ్ములు కాబోలు నలుగురు, ఒకరి పళ్ళెంలోంచి ఒకరు లాక్కుంటున్నారు. ఒక తల్లి చంటిపిల్ల నోట్లో పెరుగన్నం పెడుతూ తను తినడమే మర్చిపోయింది. కొత్తగా పెళ్ళయిన జంట ఒకటి సెల్ఫీలు తీసుకుంటోంది. అందరూ లేచి వెళ్తున్నారు, వస్తున్నారు. వెళ్ళినవాళ్ళు వచ్చేదాకా బల్ల దగ్గర ఎవరో ఒకరు కూర్చుని చూస్తున్నారు. నేను లేస్తే నా బల్ల దగ్గర ఎవరూ లేరు. అన్నం వేసుకుని వచ్చేసరికి నా సూపు గిన్నె తీసేశారు. ఎదుటి గిన్నెలో సూపు అలాగే ఉంది, పైన మీగడ కట్టింది. రెండు ముద్దలు తిన్నాను. మూడోది దిగలేదు.

నల్లకోటాయన దగ్గరికి వచ్చాడు. "పాప రాలేదేటి సార్?"

"రాదండీ" అన్నాను. "పరీక్షలు. నేను, వాళ్ళమ్మా విడిపోయాం. నెలకోసారి ఇక్కడ కలుసుకునేవాళ్ళం. ఇక రాదేమో." ఎప్పుడూ ఎవరికీ చెప్పని సంగతి, పేరు కూడా తెలియని మనిషికి ఒక్క గుక్కలో చెప్పేశాను.

ఆయన ఎదుటి కుర్చీ వెనక చెయ్యి వేసి నిలబడ్డాడు. "నాకు తెలుసు సార్. ఆ పుట్టినరోజు నాడే తెలిసింది. పాప మొహం చూశాను గదా" అన్నాడు. తర్వాత ఎవరో పిలిస్తే వెళ్ళిపోయాడు. ఆ ఓటలుకి నేను వెళ్ళడం అదే ఆఖరు.

పాప ఇంటర్ విజయనగరంలో హాస్టల్లో ఉండి చదివింది. ఇప్పుడు అక్కడే నర్సింగు చదువుతోంది, తల్లిలాగే. పద్దెనిమిది నిండాక కోర్టు కాగితానికి పని లేకుండా పోయింది. రెండో ఆదివారం ఇప్పుడు నాది కాదు. పాప వస్తే దాని ఇష్టం మీద రావాలి, రాకపోతే అడిగే హక్కు లేదు. ఈ ఏడు ఒక్కసారి వచ్చింది. చెప్పకుండా రాజాం బస్సెక్కి, కాంప్లెక్స్‌లో దిగి ఫోను చేసింది. నేను కంగారుగా నాలుగు కూరలు వండాను. చేపల పులుసు, వంకాయ, పప్పు, గుడ్డు. గిన్నెలన్నీ వరసగా పెడితే చూసి, "బఫే ఎట్టీసావేటి నాన్నా" అంది. ఒకటే కూరతో తింది. తిని నా మంచం మీద పడుకుని మూడు గంటలు నిద్రపోయింది. రాత్రి డ్యూటీలు నేర్చుకుంటున్న పిల్ల. నేను కుర్చీలో కూర్చుని ఫ్యాను చప్పుడు వింటూ ఉన్నాను. సాయంత్రం బస్సు ఎక్కించి వచ్చాక గది ఇంకా చిన్నదైంది. ఎన్నో రోజులు ఆ దుప్పటి ఉతకలేదు.

మిగతా ఆదివారాలు చర్చి నుంచి వచ్చి అన్నం వండుకుంటాను. పోయిన ఆదివారం ఒంటిగంటప్పుడు ఫోను మోగింది.

"ఏటి తింతన్నావు?" అంది.

"బెండకాయ పులుసు. నువ్వు?"

"మెస్‌లో ఏదో ఎట్టారు. ఫ్రెండ్సంతా ఇళ్ళకెళ్ళిపోయారు. ఒక్కదాన్నే కూకున్నాను."

"అమ్మ దగ్గరికి ఎల్లలేకపోయావా?"

"అమ్మకి డ్యూటీ." మళ్ళీ తనే, "ఫోను అలాగే ఉంచు. నువ్వు తిను, నేనూ తింతాను" అంది.

ఫోను బల్ల మీద పెట్టాను. అటువైపు స్టీలు కంచాల చప్పుడు, ఎవరో నీళ్ళు పట్టుకుంటున్న చప్పుడు. ఇటువైపు ఏం వినబడిందో నాకు తెలియదు. పెద్దగా ఏమీ మాట్లాడుకోలేదు. ఈసారి మాత్రం ఊరుకోకుండా, డ్యూటీలో ఏం చేశావని అడిగాను. ఒక ముసలాయనకి మొదటిసారి సూది వేశానని, చెయ్యి వణికిందని, ఆయనే ధైర్యం చెప్పాడని చెప్పింది. ఆయన ఏ ఊరాయనో, తోడుగా ఎవరున్నారో అడిగాను. ఎవరూ లేరంది. ఆ తర్వాత ఇద్దరం తింటూ ఉన్నాం. అన్నం అయిపోయాక, "ఉంటాను నాన్నా, కంచం కడుక్కోవాలి" అని పెట్టేసింది.